ఒక్క ఎంపీ సీటూ గెలవని పార్టీ డెబ్బై ఏళ్లుగా ఏం చేస్తోంది?

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబు చెప్తూ, ఇంగ్లండ్ కొసన కార్న్‌వాల్ అనే జిల్లాకి సొంత అసెంబ్లీ కావాలని అడిగే ఒక చిన్న పార్టీ ఉందని రెండు లైన్లు రాశాను. ఆ రెండు లైన్ల మీదే ఈ నెల ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, దాదాపు అన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. అందుకని ఈసారి వేరే ప్రశ్నలు పక్కనపెట్టి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా మేనల్లుడు కార్న్‌వాల్‌లో ట్రూరో అనే ఊళ్లో హాస్పిటల్లో నర్సుగా చేస్తున్నాడు. అక్కడ కార్ల వెనకాల, షాపుల మీద నల్ల జెండా, దాని మీద తెల్ల శిలువ కనిపిస్తుందట. మీరు రాసిన పార్టీ జెండా అదేనా? అసలు ఆ పార్టీ ఏమిటి, ఎప్పుడైనా గెలిచిందా?
– రిటైర్డ్ టీచర్, రాజాం

జవాబు: ఆ జెండా పార్టీది కాదు మాస్టారూ, ఆ ప్రాంతం మొత్తానిది. సెయింట్ పిరాన్ జెండా అంటారు, తగరం గనుల్లో పనిచేసేవాళ్లు కొలిచే సెయింట్ ఆయన. నల్లరాయిలోంచి తెల్లగా కరిగి కారిన తగరానికి గుర్తు అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పార్టీ పేరు మెబియన్ కెర్నో, వాళ్ల కార్నిష్ భాషలో కార్న్‌వాల్ బిడ్డలు అని అర్థం. 1951 జనవరిలో రెడ్రూత్ అనే గనుల ఊళ్లో ఓ చిన్న మీటింగులో పుట్టింది. మొదట్లో ఎన్నికల్లో దిగే పార్టీ కూడా కాదు, ఒత్తిడి తెచ్చే సంఘంలా ఉండేది, పార్లమెంటుకి మొదటిసారి పోటీ చేసింది 1970లో.

గెలిచిందా అంటే, పార్లమెంటు వరకూ ఒక్కసారీ లేదు. కార్న్‌వాల్‌కి ఆరు ఎంపీ సీట్లు, 2015లో ఆరింటా నిలబడ్డారు, ఆరింటా డిపాజిట్ పోయింది. అక్కడ డిపాజిట్ 500 పౌండ్లు, పోలైన ఓట్లలో 5 శాతం వస్తే వెనక్కి ఇస్తారు, అదీ రాలేదు. ఇది వినగానే మనవాళ్లు సరేలే అని పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేకపోయాను, ఎందుకంటే అదే పార్టీవాళ్లు కార్న్‌వాల్ కౌన్సిల్లో, అంటే మన జడ్పీ లాంటి దాంట్లో, ముగ్గురో నలుగురో ఐదుగురో ప్రతిసారీ గెలుస్తూనే ఉన్నారు. డిక్ కోల్ అని వాళ్ల నాయకుడు, ఆర్కియాలజిస్ట్, 1997లో పార్టీ పగ్గాలు పట్టి చాలా ఏళ్లు నడిపాడు, తన ఊరి వార్డు నుంచి కౌన్సిలర్‌గా మళ్లీ మళ్లీ గెలిచాడు. లండన్‌కి పంపేటప్పుడు వేరేవాళ్లకి ఓటేసే జనం, ఊరి రోడ్డు సంగతి చూడ్డానికి మాత్రం ఇతన్ని పంపుతున్నారన్నమాట.

అన్నిటికంటే పెద్ద సంగతి 2000-01లో జరిగింది. కార్న్‌వాల్‌కి అసెంబ్లీ కావాలని సంతకాల సేకరణ మొదలుపెట్టి, అన్ని పార్టీల్లోంచీ ఒప్పుకునేవాళ్లని కలుపుకొని 50 వేలకి పైగా సంతకాలు పోగేసి 2001 డిసెంబర్‌లో ప్రధాని ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చారు. అప్పటికి అక్కడి జనాభా మొత్తం ఐదు లక్షలు, అంటే పిల్లా పెద్దా కలిపి పదిమందిలో ఒకరు సంతకం పెట్టినట్టు. అసెంబ్లీ రాలేదు, ఇప్పటికీ లేదు. కానీ 2014 ఏప్రిల్‌లో కార్నిష్ ప్రజల్ని జాతీయ మైనారిటీగా బ్రిటన్ ప్రభుత్వం గుర్తించింది, 2015లో బస్సు సర్వీసుల్లాంటి వాటి మీద కొంత అధికారం జిల్లా కౌన్సిల్‌కి దిగింది. ఇదంతా ఈ ఒక్క పార్టీ వల్లే జరిగిందని నేను అనను. కానీ గెలవకపోయినా డెబ్బై ఏళ్లు దాటి అదే మాట మీద నిలబడ్డవాళ్లు ఉండబట్టే ఆ డిమాండు చచ్చిపోలేదు.

మీ మేనల్లుడికి ఇంకో మాట చెప్పండి. ఆ ఊళ్ల గని కార్మికులు వంద, నూట యాభై ఏళ్ల కిందట పనిలేక ప్రపంచమంతా వలసపోయారు, మన కోలార్ బంగారు గనులకి కూడా వచ్చారు. వలస గురించి శ్రీకాకుళం మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు కదా, వేరావల్‌లో పడవలెక్కినవాళ్లు, చెన్నైలో, హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నవాళ్లు ప్రతి ఊరికీ ఉన్నారు.

ప్రశ్న: అంటే వాళ్లు దేశం నుంచి విడిపోదాం అంటున్నారా? ఇక్కడ మనం అలా మాట్లాడితే వేర్పాటువాదులు అంటారు.
– చిన్న వ్యాపారి, నరసన్నపేట

జవాబు: లేదండీ. వాళ్లు అడిగేది బ్రిటన్‌లోనే ఉంటూ, స్కాట్లాండ్‌కీ వేల్స్‌కీ ఉన్నట్టు సొంతంగా చట్టాలు చేసుకునే సభ. సైన్యం, విదేశాంగం అడగట్లేదు. ఇళ్లు, ప్లానింగ్, బడి, ఆసుపత్రి, రవాణా లాంటివి మాకు దగ్గర్లో తేలాలి అంటున్నారు. సముద్రం ఒడ్డున ఇళ్లన్నీ సెలవులకొచ్చే డబ్బున్నవాళ్లు కొనేసి ఊరి పిల్లలకి అద్దె ఇల్లు కూడా దొరకట్లేదన్నది అక్కడ పెద్ద గొడవ, దానికి రూలు చేసే అధికారం లండన్‌లో ఉంది. వాళ్ల కోపం అక్కడ మొదలవుతుంది. దీన్ని వేర్పాటు అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: బావూ, మీరు ఇంగ్లండు కతలు సెప్తన్నారు బాగుంది గానీ, మా ఊరి పంచాయితీకి పవరూ నేదు పైసా నేదు. ఆ పార్టీ నాటిది ఇక్కడొస్తే మాకు ఏటి ఒరుగుతాది?
– జీడితోట రైతు, మందస మండలం

జవాబు: నన్ను బావూ అన్నావు కాబట్టి నేనూ తమ్ముడూ అనే అంటాను. నువ్వు అడిగిందే అసలు ప్రశ్న, దీనికి నేను చూసింది చెప్తాను.

మా అమ్మ పుట్టిల్లు చీపురుపల్లి వైపు. ఆ ఊరి చెరువుకి మదుం తలుపు, అంటే నీళ్లు వదిలే తూము తలుపు, తుప్పుపట్టి కింది అంచు ఊడిపోయింది. వానాకాలం ముందు సంగతి. ఆ తలుపు మూడడుగులు కూడా ఉండదు, పక్క ఊళ్లో వెల్డింగ్ షాపువాడు ఒక్క పూటలో చేసిచ్చేస్తాడు. కానీ దానికి ఎస్టిమేట్ వెయ్యాలి, ఎస్టిమేట్ మండలం దాటాలి, జిల్లా దాటాలి, పైన డబ్బు విడుదలవ్వాలి, పని చేసిన కాంట్రాక్టరు బిల్లు పెట్టాలి, ఆ బిల్లు మళ్లీ పైనుంచే పాసవ్వాలి, అందుకే కాంట్రాక్టరు ఎవడూ రాలేదు. చివరికి రైతులు గోనెసంచుల్లో గడ్డీ మట్టీ కూరి రంధ్రానికి అడ్డం పెట్టి, వాటి వెనక తాటి మొద్దు నిలబెట్టారు. సెప్టెంబర్ దాటాక ఓ రాత్రి మొద్దు జారింది. తెల్లారేసరికి చెరువు నీళ్లు గెడ్డలోకి పోయాయి. గట్టు మీద నిలబడి సర్పంచి నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "సంతకం నాది, చెరువు నాది, డబ్బు మాత్రం నాది కాదు."

ఇప్పుడు రాజ్యాంగం చూడు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. దాంతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి ఇవ్వదగ్గ 29 అంశాలు రాశారు, అందులో మూడోదే చిన్ననీటి వనరులు, అంటే నీ చెరువు, నా చెరువు. మరి ఎందుకు రాలేదు అంటావా, 243జి అధికరణలో "ఇవ్వవచ్చు" అని ఉంది, "ఇవ్వాలి" అని లేదు. ఆ ఒక్క మాట పట్టుకొని రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా అధికారం కిందకి వదలదు. పైగా ఢిల్లీలో అధికారాలన్నీ పెట్టుకున్నారని, రాష్ట్రాలకి ఇవ్వట్లేదని వీళ్లే పోట్లాడతారు! ఆర్థిక సంఘం ఇచ్చిన డబ్బుని కరెంటు బకాయిల కింద సర్దేశారని మన సర్పంచులు రోడ్డెక్కిన సంగతి నీకు తెలిసే ఉంటుంది.

వదిలితే ఏమవుతుందో కేరళలో చూశారు. 1996లో అక్కడ ప్రణాళిక డబ్బులో 35-40 శాతం పంచాయతీలకీ మున్సిపాలిటీలకీ ఇచ్చేయాలని నిర్ణయించారు, గ్రామసభలో కూర్చొని ఏం చెయ్యాలో జనమే రాసుకున్నారు. అంతా బ్రహ్మాండంగా జరిగిందని కాదు, కానీ తలుపు ఊడితే తలుపు వేసుకునే డబ్బు ఊళ్లో ఉంది.

కాబట్టి తమ్ముడూ, అలాంటి పార్టీ ఇక్కడ వస్తే నీకు ఒరిగేది ఏమిటంటే, ఈ "ఇవ్వవచ్చు"ని "ఇవ్వాలి"గా మార్చమని ప్రతి ఎన్నికలో అడిగేవాడు ఒకడు ఉంటాడు. ఇప్పుడు మన దగ్గర ఆ పని ఎవరూ చెయ్యట్లేదు. ఉత్తరాంధ్ర వెనకబడింది అని అందరూ అంటారు, స్టేజి మీద కన్నీళ్లు కూడా పెట్టుకుంటారు, ఏ అధికారం ఎక్కడికి రావాలో మాత్రం ఒక్కరూ కాగితం మీద పెట్టరు.

ప్రశ్న: మన దగ్గర కూడా వికేంద్రీకరణ అని చట్టం చేశారు కదా, విశాఖ రాజధాని అన్నారు. అది ఉంటే మనకి న్యాయం జరిగేదా?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చింది, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. అది మంచిదా కాదా అన్న గొడవలోకి ఇప్పుడు నేను వెళ్లను, దాని మీద ఇళ్లలో అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేశారు. నాకు బాధనిపించేది వేరే. ఆ చట్టంలోనే ప్రాంతాలవారీగా ప్రణాళికా బోర్డులు అన్న భాగం ఒకటి ఉంది, దాని గురించి టీవీలో ఒక్క డిబేట్ చూశావా నువ్వు? ఆ బోర్డులు కూడా జనం ఎన్నుకునేవి కావు, ప్రభుత్వం నియమించేవే. సెక్రటేరియట్ విశాఖలో ఉంటే చీపురుపల్లి రైతుకి బస్సు చార్జీ తగ్గుతుంది, నేను కాదనను, కానీ మదుం తలుపు ఫైలు అన్ని టేబుళ్లూ అలాగే తిరుగుతుంది. రాజధాని ఎక్కడ అన్న ప్రశ్న వేరు, నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న వేరు.

విభజన చట్టం వచ్చాక రాయలసీమ నాలుగు జిల్లాలకీ మన మూడు జిల్లాలకీ వెనకబడిన ప్రాంతాల కింద జిల్లాకి ఏడాదికి 50 కోట్ల లెక్కన కేంద్రం ఇచ్చింది. కొన్నేళ్లు వచ్చింది, మధ్యలో ఆగింది. ఎంత వచ్చింది, ఎందుకు ఆగింది అని పోట్లాడుకున్నాం సరే, వచ్చినదాన్ని జీడిపప్పు యూనిట్లకి పెట్టాలా, ఉద్దానంలో మంచినీళ్లకి పెట్టాలా, నాగావళి కరకట్టకి పెట్టాలా అని మూడు జిల్లాల ప్రతినిధులు ఒక చోట కూర్చొని ఓటేసి తేల్చే సభ మనకి ఏదీ? పాత లెక్కన మన మూడు జిల్లాల్లో 34 అసెంబ్లీ సీట్లు ఉన్నాయి. ఆ 34 మందీ పార్టీలు పక్కనపెట్టి ఏడాదికి నాలుగుసార్లు బొబ్బిలిలోనో శ్రీకాకుళంలోనో కూర్చోవడానికి కొత్త రాజ్యాంగం రాయక్కర్లేదు.

ప్రశ్న: మేం పదిమంది ఫ్రెండ్స్ అలాంటి పార్టీ పెడదామని అనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఎలా? 34 సీట్లకీ పోటీ చెయ్యొచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, గజపతినగరం

జవాబు: రిజిస్ట్రేషన్ కష్టమేం కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద, పార్టీ పెట్టిన 30 రోజుల్లోపు ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేసుకోవాలి. ఓటరు లిస్టులో పేరున్న సభ్యులు కనీసం వందమంది ఉండాలి, పార్టీ నియమావళి ఉండాలి, పేపర్లలో ప్రకటన ఇవ్వాలి. పదిమంది ఉన్నారన్నారు కాబట్టి మొదటి పని ఇంకో తొంభై మందిని ఒప్పించడం.

కానీ 34 సీట్ల ఆలోచన మాత్రం మానెయ్యండి నాన్నా, పెద్దవాణ్ణి కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. అసెంబ్లీకి డిపాజిట్ జనరల్ అభ్యర్థికి 10 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకి అందులో సగం, ఆరో వంతు ఓట్లు రాకపోతే పోతుంది. డబ్బు సంగతి అలా ఉంచండి, 34 చోట్ల ఓడిపోయిన పార్టీని రెండోసారి ఎవరూ పలకరించరు, మీలో మీకే గొడవలొస్తాయి. మెబియన్ కెర్నో పార్లమెంటులో ఓడుతూ కూడా ఎందుకు బతికిందో మళ్లీ చూడండి, కింద కౌన్సిల్లో వాళ్లకి మనుషులున్నారు. మీరు కూడా ఒక మండలం తీసుకోండి, ఎంపీటీసీకీ జడ్పీటీసీకీ నిలబడండి, అవి పార్టీ గుర్తు మీదే జరుగుతాయి. సర్పంచి ఎన్నిక పార్టీల్లేకుండా జరుగుతుంది, అక్కడ మీ మనిషిని వ్యక్తిగా నిలబెట్టండి. గెలిచిన ఒక్క ఎంపీటీసీ అయినా ప్రతి మండల మీటింగులో లేచి 29 అంశాల్లో మనకి ఏవి వచ్చాయి, ఏవి రాలేదు, వాటి డబ్బెక్కడ అని అడిగి మినిట్స్‌లో రాయించాలి. రెండేళ్లు అలా రాయిస్తే మీ చేతిలో ఒక పుస్తకం అంత రికార్డు ఉంటుంది.

ఇంకోటి, జిల్లా ప్రణాళికా కమిటీ గురించి చదవండి. రాజ్యాంగంలో 243జెడ్‌డి. ఐదింట నాలుగు వంతుల సభ్యులు ఎన్నికైన స్థానిక ప్రతినిధుల్లోంచి రావాలి, పంచాయతీల, మున్సిపాలిటీల ప్లాన్లన్నీ కలిపి జిల్లా ప్లాను తయారుచెయ్యాలి. మీ జిల్లా కమిటీ ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం తీర్మానించింది అని సమాచార హక్కు కింద ఒక అప్లికేషన్ పెట్టండి, పది రూపాయల పని. వచ్చిన జవాబే మీ మొదటి కరపత్రం.

ప్రాంతానికి ప్రత్యేక ఏర్పాటు కావాలంటే ఉదాహరణ కూడా పక్క రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాద్-కర్ణాటక అని పిలిచే, ఒకప్పుడు నిజాం కింద ఉన్న కర్ణాటక జిల్లాల కోసం 2012లో 98వ సవరణ చేసి 371జె తెచ్చారు, చదువుల్లో ఉద్యోగాల్లో స్థానికులకి వాటా, ప్రాంతానికి వేరే అభివృద్ధి బోర్డు పెట్టారు. అది కూడా ఎన్నికైన బోర్డు కాదు, కాబట్టి మీరు అడిగేది దానికంటే ఒక మెట్టు పైన ఉండాలి.

ప్రశ్న: ఇప్పటికే సర్పంచి, ఎంపీపీ, జడ్పీ, ఎమ్మెల్యే, ఎంపీ. మళ్లీ ఇంకో సభ అంటే ఇంకొంతమంది నాయకులు, ఇంకొన్ని కార్లు. ఎవరిక్కావాలి?
– బ్యాంకు ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: మీ అనుమానం తీసిపారేసేది కాదు, ఇంగ్లండ్‌లోనే జనం ఇదే మాట ఓటుతో చెప్పారు. 2004 నవంబర్‌లో ఈశాన్య ఇంగ్లండ్‌కి ప్రాంతీయ సభ కావాలా అని రెఫరెండం పెడితే 78 శాతం వద్దన్నారు. వ్యతిరేకించేవాళ్లు గాలి నింపిన తెల్ల ఏనుగు బొమ్మని ఊరూరా తిప్పారు, మేపడం తప్ప పనికిరాదని చెప్పడానికి. ఎందుకు ఓడింది అంటే ఆ సభకి ఇస్తామన్న అధికారాలు మరీ తక్కువ, చట్టం చేసే హక్కు లేదు, పన్ను వేసే హక్కు పేరుకే. జనం తెలివైనవాళ్లు, వట్టి కుర్చీలు కొనరు.

అందుకే నేను కొత్త కుర్చీలు ముందు అడగను. ఉన్న కుర్చీలకి పని ఇమ్మంటాను. జడ్పీ ఛైర్మన్ కారుకి డబ్బు మనం ఇప్పటికే ఇస్తున్నాం, కానీ జడ్పీ హైస్కూల్లో టీచర్ని వేసే అధికారం ఆ ఛైర్మన్‌కి లేదు. ఒకసారి లెక్క చూడండి, కార్న్‌వాల్ జనాభా 2021 నాటికి 5 లక్షల 70 వేలు, మన పాత శ్రీకాకుళం జిల్లా 2011లోనే 27 లక్షలు. అంత చిన్న చోట రోడ్లు, బడులు, చెత్త, ముసలివాళ్ల సంరక్షణ అన్నీ ఒక ఎన్నికైన కౌన్సిల్ చూస్తుంటే కూడా అక్కడివాళ్లు చాలదంటున్నారు.

ప్రశ్న: నేను వార్డు మెంబర్ని. మీటింగుల్లో నేను "నేదు", "ఏటి" అంటే పక్క జిల్లాల నుంచొచ్చిన ఆఫీసర్లు నవ్వుకుంటారు. ఆ కార్నిష్‌వాళ్లకి భాష సమస్య కూడా ఉందా?
– ఒక సోదరి, గంట్యాడ మండలం

జవాబు: ఉందమ్మా, వాళ్లది ఇంకా కష్టం. కార్నిష్ పుట్టుకతో మాట్లాడే చివరి మనిషి అని చెప్పుకునే డాలీ పెంట్రీత్ అనే చేపలమ్మే ఆవిడ 1777లో పోయింది. తర్వాత భాష చచ్చిపోయిందన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో పాత రాతలు వెతికి కూడబలుక్కొని మళ్లీ నేర్చుకున్నారు, 2002లో బ్రిటన్ ప్రభుత్వం గుర్తింపు ఇచ్చింది, ఇప్పుడు వీధుల బోర్డులు రెండు భాషల్లో ఉంటున్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఫారంలో కార్నిష్ అని గడి లేకపోయినా 73 వేలమంది పెన్నుతో రాసి మరీ మేం కార్నిష్ అన్నారు.

మన మాటకి ఆ గతి పట్టలేదు, గొంతులో ఉంది. వాడుక భాష కోసం జీవితాంతం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం దగ్గర పుట్టినవారే, సవరల మధ్య కూర్చొని వాళ్ల భాష నేర్చుకొని నిఘంటువు తయారుచేసినవారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే రాష్ట్రమంతా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటోంది. నవ్వినవాళ్లకి ఆ సంగతి చెప్పండి. నీళ్లు నేవు అంటే నేవు అనే మినిట్స్‌లో రాయించండి, మార్చి రాయనివ్వకండి. రేపు ఎవరైనా మన ప్రాంతం పేరుతో పార్టీ పెడితే కూడా వాళ్లని మొదట అడగాల్సింది మీరే: మన యాస గురించి పాట పాడితే చాలదు, సీతంపేట కొండమీద సవర పిల్లాడికి మొదటి క్లాసు ఏ భాషలో చెప్తారో చెప్పమనండి.

ప్రశ్న: మాది పాలకొండ. 2022లో మమ్మల్ని పార్వతీపురం మన్యం జిల్లాలో కలిపారు, జడ్పీ మాత్రం శ్రీకాకుళంలోనే ఉంచారు. కలెక్టర్ ఒక చోట, జడ్పీ ఇంకో చోట. ఎవర్ని అడగాలి?
– ఎలక్ట్రికల్ షాపు ఓనర్, పాలకొండ

జవాబు: అవునండీ, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 చేశారు గానీ ఆ తర్వాత కూడా జడ్పీలు పాత 13 జిల్లాల లెక్కనే నడిచాయి. ఆఫీసర్లకి కొత్త గీత, ఎన్నికైనవాళ్లకి పాత గీత. నియమించే కుర్చీలకి రాత్రికి రాత్రి బిల్డింగులు దొరికాయి, జనం ఎన్నుకునే సభ ఎక్కడుండాలన్నది మాత్రం తర్వాత చూద్దాంలే అన్నారు. మీరు అడగాల్సింది రెండు చోట్లా. కలెక్టర్‌గారికి ఒక కాపీ, జడ్పీకి ఒక కాపీ, రెండింటి మీదా రసీదు ముద్ర వేయించుకోండి. అలాంటి రసీదులు పాలకొండలో ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో కనుక్కొని నాకు రాయండి, వచ్చే సంచికలో ఆ సంఖ్య వేస్తాను.